లారీ కింది అక్క

మొన్న గార్లకు పోతుంటే తొవ్వల నా కారు ఆగిపోయింది. ఫోన్ చేస్తే మెకానిక్ అరగంటల వస్తనన్నడు. అందాక ఊకె నిలబడుడెందుకని డిక్కీలకెల్లి తువ్వాల తీసి రోడ్డు పక్కన పరిచి, కారు కిందికి దూరి వెల్లకిల పండుకున్న. వానకాలం పోయినంక కింద ఎట్లున్నదో చూడక చాన దినాలైంది. సైలెన్సర్ పైపును గోటితోని గీకుకుంట నా లోకంల నేనున్న. ఇంతల "అయ్యో, సారు బండి కింద వడ్డడు!" అని లొల్లి. చేన్ల పత్తి ఏరేటోళ్లు ఉరికొచ్చిండ్రు. ఒకాయన నా రెండు కాళ్లు దొరికిచ్చుకొని బయటికి గుంజవట్టె. "ఏం గాలేదు నాయినా, తుప్పు పట్టిందేమో చూస్తున్న" అంటే వినేటోడు లేడు. ఒక అవ్వ సీసాల నీళ్లన్ని నా నెత్తిమీద గుమ్మరిచ్చింది.

అప్పుడే దిగిన మెకానిక్ సంగతి విని కడుపు పట్టుకొని నవ్విండు.

"రేపో మాపో రిటైరయ్యే హెడ్మాస్టర్ సారు, బండి కింద పండుడేంది సార్? ఎవ్వరు నేర్పిండ్రు మీకు గీ అలవాటు?"

"ఒక అక్క" అన్న.

"అక్కనా?" అన్నడు. చేతిల పాన పక్కకు వెట్టి కూసున్నడు. తడి నెత్తితోనే చెప్పుడు షురూ చేసిన. ఆయనకు చెప్పిన ముచ్చటనే ఇంకింత కలిపి ఇప్పుడు రాస్తున్న.

ఆమె పేరు రాయను. బండి వెనుక తన పేరు రాయిస్తనని ఆమె పెనిమిటి ఎన్నిసార్లు బతిమిలాడినా ఒప్పుకోని మనిషి, నా రాతల ఎట్ల ఒప్పుకుంటది?

తెలంగాణ కోసం ఊర్లన్ని రోడ్డు మీదికొచ్చిన రోజులవి. నేను జనగామల సర్కారు బడిల తెలుగు సార్‌ను. నా భార్య నౌకరి మా ఊరి దిక్కు, దంతాలపల్లిల. అందుకని నేను జనగామ స్టేషన్ అవతలి గల్లీల ముందటర్ర కిరాయికి తీసుకొని ఒక్కన్నే ఉంటుంటి. ఇంటాయనకు సొంత లారీ ఉండె. భూపాలపల్లి గనుల కాడ బొగ్గు నింపుకొని ఇటుక బట్టీలకు తోలేటోడు. ఆయనను అన్న అంటుంటి, ఆయన భార్యను అక్క అంటుంటి. వాళ్లది గార్ల దిక్కు తండ. ఇంట్ల లంబాడ మాట, గల్లీల తెలుగు. అక్క గల్లీ మనుషులందరితోని తెలుగు మాట్లాడేది గని లారీతోని మాత్రం వాళ్ల మాటనే. ఒకసారి ఎందుకట్ల అని అడిగితే, "తెలుగుల చెప్తే దానికి మర్యాద ఎక్కువైతది సారూ, మాట వినది" అన్నది.

అన్నకు లారీ మొఖం మీద పాణం. నెత్తిమీద వెండి రంగు కుచ్చులు, అద్దాలకు నల్ల జడలు, రెండు దిక్కుల రెండు నెమళ్లు. ఎక్కడన్న కొత్త పూసల దండ కనవడితే బండికి తెచ్చేటోడు. పెండ్లాముకు తెచ్చింది మాత్రం నేను ఒక్కసారే చూసిన, అది గూడ బండికి పొట్టిగైందని ఇచ్చిండు. అక్కకు ఆ మొఖంతోని పనే లేదు. "మొఖం అందరు చూస్తరు. కడుపు ఎవ్వడు చూస్తడు?" అనేది. బండి ఇంటికొచ్చుడు ఆలస్యం, చీర మీద అన్న పాత ఖాకీ అంగి తొడుక్కునేది, నెత్తికి తువ్వాల చుట్టేది, గోనె సంచి పరిచి బండి కిందికి పోయేది. గల్లీలకు కొత్తగ వచ్చినోళ్లకు అన్న మొఖం తెలుసు, అక్కయి పాదాలు తెలుసు.

ఆ పట్టుదలకు ఒక కథ ఉన్నది. అంతకు రెండేండ్ల ముందట, ముసురుల, భూపాలపల్లిల తడి బొగ్గు నింపుకొని అన్న వస్తున్నడు. రేగొండ దాటినంక ఒక మూల మలుపు కాడ తుపాకి పేలినట్టు సప్పుడైంది. వెనుక చక్రం మీది కమాన్ కట్ట, అంటే బండి బరువునంత మోసే ఇనుప పట్టీల కట్ట, పటుక్కున ఇరిగింది. లారీ ఒక పక్కకు ఒరిగి పోయి వరి మడిల పండుకున్నది. బొగ్గంత పొలంల వడ్డది. అన్న కిటికీలకెల్లి బయటికొచ్చిండు. మోచేయి గీసుకపోయింది, అంతే.

తెల్లారి అక్క బస్సెక్కి పోయింది. చుట్టాలు అన్న చుట్టు మూగి ఏడుస్తున్నరు, దిష్టి తీస్తున్నరు. అక్క ఆయన దిక్కు ఒక్కసారి చూసి, పాణం ఉన్నదని ఖాయం చేసుకొని, సీద ఇరిగిన కమాన్ కాడికి పోయింది. పట్టీల నడుమ చెయ్యి పెడితే ఇనుము అటుకుల లెక్క రాలింది. అక్కడి మేస్త్రి, "పైకెల్లి రంగు పూసి మురిసిండ్రు గని లోపట మొత్తం జంగు తిన్నదమ్మా" అన్నడట. తడి బొగ్గు నీళ్లు కారి కారి ఇనుమును తినుకుంట వచ్చిందట. అక్క ఆ పొట్టును పిడికెడు కొంగుకు కట్టుకొని ఇంటికి తెచ్చింది. రాత్రి అన్నకు కంచంల అన్నం వెట్టి, పప్పు పోసి, పక్కకు కూరకు బదులు ఆ జంగు పొట్టు వడ్డిచ్చింది.

"ఇగో, గిది నిన్ను తినేటిది. ఇయ్యాల నువ్వు దీన్ని తిను."

అన్న ఆ ముచ్చట చెప్పినప్పుడల్ల చెంపలేసుకునేటోడు. అక్క మిగిలిన పొట్టును చాయ్‌పత్త డబ్బల పోసి ఉప్పు డబ్బ పక్కన వెట్టింది. నేను ఒకసారి మసాల అనుకొని చారుల వేయబోయిన.

అటెన్క నెల దినాలు అక్క రోజు పొద్దున వంట చేసి, లారీలు బాగుచేసే షెడ్డుకు పోయి ఒక మూలకు కూసున్నదట. మొదట అందరు నవ్విండ్రట. వారం దినాలకు పాన అందియ్యమన్నరట. నెలకు, "అక్కా, ఇది ఎట్ల మోగుతున్నదో జర చెవి వెట్టి చెప్పు" అన్నరట. ఎందుకంటే ఆమెకు ఆ చెవి ఉన్నది. ఇనుమును స్క్రూ డ్రైవర్ పిడితోని కొట్టి, చెవి ఆనిచ్చి, మంచిదా రోగమా చెప్పేది. మంచి ఇనుము గంట లెక్క మోగుతదట. జంగు తిన్నది దగ్గుతదట.

ఇగ ఆ చెవి ఊరుకుంటదా? గల్లీల ఏ ఇనుము కనవడ్డా కొట్టుడే. గేట్లు కొట్టేది, బోరింగు కొట్టేది. ఒకసారి కూరగాయల బండాయన తక్కెడను కొట్టి, "దీనికి ఎడమ చిప్ప దగ్గుతున్నది" అంటే ఆయన మూడు రోజులు ఆ గల్లీకి రాలేదు. నా అర్రల బీరువను కొట్టి, "సారూ, మీ బీరువకు లోపట రోగమున్నది" అన్నది. నేను నవ్విన. ఆ ఆదివారం ఊరికి పోయొచ్చి చూస్తే బీరువ వాకిట్ల బోర్ల పడుకొని ఉన్నది. నా బట్టలు దండెం మీద, నా పుస్తకాలు వాళ్ల దేవుని గూట్ల. బీరువ అడుగు మొత్తం జంగు పట్టకుంట వేసే ఎర్ర రంగు, రెడాక్సైడ్, పూసి ఉన్నది. దాని పక్కన నా ఇనుప మంచం, అది గూడ బోర్లనే, అది గూడ ఎర్రగనే. ఆ రాత్రి నేల మీద పండుకొని నవ్వుకుంట నిద్రపోయిన. ఆ ఇంట్ల బకీట్ల అడుగు ఎర్రగుంటది, రోటి కింది ఇనుప పీట ఎర్రగుంటది. అన్ని వస్తువులు కాళ్లకు పారాణి పెట్టుకున్నట్టు ఉండేటియి.

చిల్పూర్ గుట్టకు బండి పూజకు పోయినప్పుడు నన్ను గూడ తీసుకపోయిండ్రు. అయ్యగారు నెమళ్ల మీద నీళ్లు చల్లి, ముందటి అద్దానికి బొట్టువెట్టి, కొబ్బరికాయ కొట్టి, అయిపోయిందన్నడు. అక్క చెయ్యి చాపి, "జరంత కుంకుమ ఇయ్యుండ్రి" అన్నది. మొఖానికి వెట్టుకుంటది గావచ్చని ఆయన ఇచ్చిండు. కొత్త చీర, నెత్తిల పూలు, ఏదీ చూడలె. కొంగు నడుముకు చెక్కి బండి కిందికి పోయింది. లోపల్నుంచి, "అయ్యగారూ, గిక్కడ గూడ రెండు మంత్రాలు చదువుండ్రి, గివే మోసేటియి" అని కేక. అయ్యగారు అటు ఇటు చూసి, ఎవ్వరు లేరని ఖాయం చేసుకొని, వంగి చక్రాల నడుమ తలకాయ వెట్టి చదివిండు పాపం.

ఇగ సమ్మె వచ్చింది. బళ్లు బంద్, బస్సులు బంద్, ఆఫీసులు బంద్. భూపాలపల్లిల గని కార్మికులు పని బందువెట్టిండ్రు, బొగ్గు ఆగింది. లారీ వచ్చి ఇంటి ముందట నిలబడ్డది. మూడు రోజులకు అన్న, "ఇగ ఎన్ని దినాలు గిట్లనో ఏమో" అని మంచంల వడ్డడు. అక్క మొఖంల మాత్రం పండుగ వచ్చినంత వెలుగు. ఎన్నడు వారం మించి ఇంటికాడ ఆగని బండి, ఇప్పుడు తన చేతికి దొరికింది.

"సారూ, మీకు గూడ బడి లేదు గద?" అన్నది.

"లేదక్కా" అన్న. గా ఒక్క మాటతోని నా సమ్మె మొత్తం లారీ కింద గడిచింది.

షెడ్డుకెల్లి ఇద్దరు మేస్త్రిలు వచ్చిండ్రు, వాళ్లకు గూడ పని లేదు. జాకీలు వెట్టి లారీని లేపినం. నాలుగు మూలలకు కట్టె దిమ్మెలు వెట్టి కూసోవెట్టినం. చక్రాలు ఇప్పినం, కమాన్ కట్టలు దించినం, ఇంజను జోరును వెనుక చక్రాలకు అందిచ్చే జాయింట్ రాడ్డు ఇప్పినం. అక్క ఒక్కొక్క కట్టను విడదీసి పట్టీలను వరుసగ మంచాల మీద పరిచింది. మా మంచాలు చాలక ఎదురింటి అవ్వ మంచాలు గూడ తెచ్చినం. ఆ అవ్వ బతుకమ్మకు గునుగు పూలు ఆరవోసుకునే మంచాలవి. "పండుగ పూట నా మంచం మీద గీ నల్ల పీనుగులేంది బిడ్డా!" అని రోజు తిట్టేది. తిట్టుకుంటనే పక్కన కూసొని చూసేది.

పట్టీలు ఏది యాడిదో కలిసిపోవద్దని నేను బడి సుద్దముక్కతోని నంబర్లు వేసిన. అక్కకు నంబర్లతోని పని లేదు. "గీ పొడుగుది మామ. దాని కింద అత్త. గిది పెద్ద యారాలు, గిది నడిపి యారాలు. గీ అన్నిటికన్న చిన్నది, అడుగుది ఉన్నది సూడు, ఇది కొత్త కోడలు. పైనోళ్లందరు కులాసగ కూసుంటరు, మొదటి దెబ్బ దీనికే" అనేది. కోడలుకు అందరికన్న ఎక్కువ సేవ. అత్త పట్టీని గీకేటప్పుడు మాత్రం తీగల బ్రష్షు జర గట్టిగనే పడేది. ఆమె అత్త తండలనే ఉన్నది, బతికే ఉన్నది. నేనేం అడగలేదు.

గ్యాస్‌నూనెతోని, అంటే కిరసనాయిలుతోని కడుగుడు, తీగల బ్రష్షుతోని రుద్దుడు, గరుకు కాయితంతోని గీకుడు. ఇనుము తెల్లగ మెరిసినంక రెడాక్సైడ్, అది ఆరినంక నల్ల రంగు. పట్టీకి పట్టీకి నడుమ మాత్రం రంగు కాదు, గిరీసు. నేను ఒకసారి తెల్వక లోపటి దిక్కు గూడ రంగు పూస్తే చేతి మీద ఒక్కటి వేసింది. "రంగు పూస్తే ఒకదాన్నొకటి పట్టుకొని కదలయి సారూ. ఇంట్లోళ్లు ఒకలనొకలు రాసుకుంట ఉండాలె గని అతుక్కొని ఉండద్దు." గోర్లల ఎరుపు, జుట్టుల ఎరుపు, నా అన్నం ముద్దకు గ్యాస్‌నూనె వాసన. ఆ ఇరవై రోజులంత సంబురం నాకు నౌకరి దొరికిన నాడు గూడ లేదు.

గల్లీల ఊరేగింపు పోతుంటే అక్క బండి కిందికెల్లే "జై తెలంగాణ" అనేది. ఆ కేక ఇనుముకు తగిలి గంభీరంగ వచ్చేది. ఊరేగింపుల ఉన్నోళ్లు ఎవరన్నరో అర్థంగాక చుట్టు చూసేటోళ్లు. తుప్పును మా దిక్కు జంగు అంటరు, లడాయిని గూడ జంగు అంటరు. "పైన ఒక జంగు, కింద ఒక జంగు. రెండిట్ల ఏది ముందు ఒడుస్తదో చూద్దాం" అనేది అక్క.

ఒకనాడు పొద్దున సమ్మె కమిటీ పెద్దమనిషి వచ్చిండు. కాలేజీల పాఠాలు చెప్పేటాయన, మెడల కండువ, నోట్లె పుస్తకాల తెలుగు. రేపు సాయంత్రం చౌరస్తాల ధూం ధాం ఉన్నది, పాటగాళ్లు ఎగిరి ఆడేందుకు వేదిక కావాలె, లారీ ఇయ్యమన్నడు. అన్న ఒప్పుకున్నడు. అక్క బ్రష్షు ఆపకుంటనే, "నల్ల రంగు ఇప్పుడే వేస్తున్న. ఎల్లుండి అయితే ఇస్త" అన్నది.

"రంగు పచ్చిగ ఉంటే ఏమవుతుందక్కా? ఎట్లనో బిగించండి. కింద ఎవరు చూస్తరు?" అన్నడాయన.

బ్రష్షు ఆగింది. నేను అన్న దిక్కు చూసిన, అన్న నేల దిక్కు చూసిండు. అక్క ఇంట్లకు పోయి చాయ్‌పత్త డబ్బ తెచ్చి, ఆ పెద్దమనిషి చెయ్యి పట్టుకొని అరచేతిల ఇంత పొట్టు పోసింది.

"కింద ఎవ్వరు చూడకనే గిది మా ఆయన పాణం తీసేటిది సారూ. రేపు బండి మీద ఎగిరేటోళ్లు గూడ ఎవరికో బిడ్డలే గద? రంగు ఆరాలె. గిరీసు వెట్టాలె. నేను కొట్టి వినాలె. అప్పుడే బండి."

ఆయన ఆ పొట్టును పట్టుకొని ఏం జేయాల్నో తెల్వక జేబుల పోసుకొని పోయిండు.

అదే పగటీలి ఒక జీపు వచ్చింది. ఎస్సై దిగిండు.

"ఈ లారీ ఎవరిది? రేపటి మీటింగుకు ఇస్తున్నరట గద. పర్మిషన్ లేదు. బండి స్టేషన్ల పెట్టాలె. తాళం చెవి ఇయ్యుండ్రి."

అన్న మొఖం తెల్లవోయింది. అక్క బండి కిందికెల్లి వచ్చి, చేతులు తుడుసుకొని, తాళం చెవి రెండు చేతులతోని ఇచ్చింది. "తీస్కపోండ్రి సార్."

ఎస్సై చెవి అందుకొని బండి దిక్కు తిరిగిండు. అప్పుడు చూసిండు సరిగ. లారీ నాలుగు దిమ్మెల మీద మొక్కుల మేకపోతు లెక్క నిలబడి ఉన్నది.

"చక్రాలేవి?"

"గోడకు ఆనిచ్చినం సార్."

"కమాన్లు?"

"మంచాల మీద పండవెట్టినం సార్. గా నాలుగు మంచాలు మావి, గీ రెండు అవ్వయి."

"మరి జాయింట్ రాడ్డు?"

"అది తెలుగు సారు మంచంల ఉన్నది. ఆయన కింద పండుకుంటున్నడు."

ఎస్సై నా దిక్కు చూసిండు. నా చేతులు మోచేతుల దాక ఎర్రగున్నయి. "మీరు తెలుగు సారా?" అన్నడు. "అవును సార్" అన్న. ఆయన నవ్వు ఆపుకోవాలని మీసం సవరించుకున్నడు గని ఆగలేదు. కానిస్టేబుళ్లు అప్పటికే జీపు వెనుకకు పోయి నవ్వుతున్నరు. "ఇది బండి కాదమ్మా, సామాన్ల దుకాణం. దుకాణాన్ని నేను స్టేషన్‌కు మోయలేను" అని చెవి వాపసిచ్చి, చాయ్ తాగి పోయిండు. పోయేముందు అక్క ఊకుంటదా, స్క్రూ డ్రైవర్ పిడితోని జీపును గూడ ఒకసారి కొట్టి చెవి వెట్టింది.

"సార్, జర చూయించుకోండ్రి" అన్నది.

తెల్లారంగ రంగు ఇంకా పచ్చిగనే ఉన్నది. మబ్బు పట్టింది, ఎండ లేదు. సాయంత్రానికల్ల ఆరేటట్టు ఫ్యాన్లు పెడదామంటే కరెంటు లేదు. బొగ్గు ఆగింది గద, కరెంటు కోత. "మన బొగ్గు మనమే ఆపినం, మన ఫ్యాను మనమే ఆపుకున్నం" అని అన్న నెత్తి కొట్టుకున్నడు. అప్పుడు ఎదురింటి అవ్వ లేచింది. ఇంట్లకు పోయి చేట తెచ్చింది. మామ పట్టీ పక్కన కూసొని విసురుడు మొదలువెట్టింది. ఆమెను చూసి ఇంకొకామె, ఆమెను చూసి మరొకామె. పది గంటలకల్ల గల్లీ మొత్తం మంచాల చుట్టు కూసొని చేటలు, విసనకర్రలు, అట్టముక్కలు ఊపుతున్నది. మొదట ఊకె ఊపిండ్రు, తర్వాత ఎవరో ఉయ్యాలో అని అందుకున్నరు, ఇగ అందరి చేతులు ఒక్క తీరుగ ఊగినయి. తొవ్వల పోయేటోళ్లు ఎవరింట్ల పీనుగు లేచిందో అని దగ్గరికొచ్చి, మంచం మీద ఇనుపముక్కను చూసి బీరిపోయేటోళ్లు. వాళ్ల చేతుల గూడ ఒక అట్టముక్క పెట్టేది అక్క.

రెండు కొట్టంగ వేలు పెడితే అంటలేదు. మేస్త్రిలు, అన్న, నేను బిగించుడు. నాలుగు దాటినంక అక్క ఒక్కొక్క దాన్ని కొట్టి విన్నది. అన్ని గంటల లెక్క మోగినయి. కొత్త కోడలు అందరికన్న తియ్యగ మోగింది.

చౌరస్తాల జనం ఇసుక వేస్తే రాలనంత ఉన్నరు. అంత జనాన్ని చూసి పోలీసులు పక్కకు నిలబడ్డరు. ఎస్సై బండి చుట్టు ఒక రౌండు తిరిగి, టైరును కాలితోని తట్టి, "ఇది నిన్నటి బండేనా?" అన్నడు. "గదే సార్. నిన్న పాణం బాగలేకుండె, ఇయ్యాల నయమైంది" అన్నది అక్క.

పాట మొదలైంది. డప్పులు, గజ్జెలు, బండి మీద పది మంది ఎగురుడు. జనం అంత పైకి చూస్తున్నరు. అక్క నా అంగి పట్టి గుంజింది. "బ్యాటరీ లైటు పట్టుండ్రి సారూ." ఇద్దరం కిందికి పోయినం. నేను జీవితంల చూసిన గొప్ప ఆట ఆ రోజు కిందికెల్లి చూసిందే. పైన ఎగిరినప్పుడల్ల నల్లగ మెరిసే పట్టీలు వంగుడు, లేసుడు, ఒకదాని మీద ఒకటి జారుడు. అక్క చేతులతోని తొడలు కొట్టుకుంట, "సూడుండ్రి, అత్త గూడ వంగుతున్నది!" అని కిలకిల నవ్వుతున్నది.

పాటలు అయినంక పెద్దమనుషులు ప్రసంగాలకు ఎక్కిండ్రు. వాళ్ల వెనుక ఫోటోల కోసం ఇంకొందరు ఎక్కిండ్రు. అందరు మైకు ఉన్న ఎడమ దిక్కే నిలబడ్డరు. అక్క నవ్వు ఆగింది. లైటు నా చేతికెల్లి గుంజుకొని ఎడమ కమాన్ కాడ వెట్టింది. కొత్తగ బిగించిన బోల్టు మొదటి బరువుకు లూజైతదట, దాని నట్టు మెల్లగ తిరుగుతున్నది. నేను ఏమైతది అనేలోపల ఆమె బయట ఉన్నది. నేను లేచి వచ్చేవరకు చక్రం మీద కాలువెట్టి పైకెక్కి, మాట్లాడుతున్న ఆ కండువ పెద్దమనిషి చేతులకెల్లి మైకు అందుకున్నది. ఖాకీ అంగి, మొఖం నిండ గిరీసు.

"అన్నలారా, అందరు ఒక్క దిక్కే నిలబడితే బండి ఒరుగుతది. సగం మంది కుడి దిక్కు రాండ్రి. మిగిలినోళ్లు దిగుండ్రి. కిందున్నోళ్లకు బరువు ఎక్కువైంది."

చౌరస్తా అంత చప్పట్లు, ఈలలు, ఎంతకీ ఆగయి. కండువ పెద్దమనిషి కండ్లల్ల నీళ్లు. మైకు వాపసు తీసుకొని, "విన్నరా? అట్టడుగు మనిషి వేదన విన్నరా? ఈ అక్క ఒక్క మాటల మన ఉద్యమాన్నంత..." అని అందుకున్నడు. ఇంకింత మంది దగ్గరికి జరిగిండ్రు.

అక్క మళ్ల మైకు గుంజుకున్నది. "గదేం లేదు సారూ! నిజంగనే నట్టు ఊడుతున్నది! దిగుండ్రి ముందు!"

ఇగ దుంకుడే దుంకుడు. కండువలు, పూలదండలు, ఫోటో దిగుదామని వచ్చినోళ్లు, అందరు ఒకల మీద ఒకలు. జనం నవ్వి నవ్వి కూలవడ్డరు. అక్క పాన పట్టుకొని కిందికి పోయింది. ఆమె పాన ఒక్క తిప్పు తిప్పితే డప్పాయన ఒక్క దెబ్బ కొట్టిండు. ఇంకో తిప్పు, ఇంకో దెబ్బ. జనం లెక్క అందుకున్నది. "ఒకటీ! రెండూ! మూడూ!" పన్నెండు దాక తిప్పింది. పిడితోని కొట్టి వినాలని లోపల్నుంచి చెయ్యి ఊపితే, అంత చౌరస్తా సారు అడుగువెట్టిన చిన్నపిల్లల బడి లెక్క నిశ్శబ్దమైంది. టంగ్ మని మోగింది. ఆ గంటకు లేచినంత కేక ఆనాడు ఏ ప్రసంగానికి లేవలేదు.

తర్వాతి ఏడు నాకు మహబూబాబాద్ బదిలీ అయింది. వాళ్లు గూడ గనులకు దగ్గరని భూపాలపల్లికి ఇల్లు మార్చిండ్రు. ఫోన్ నంబర్లు మారినయి, మాట తగ్గింది. ఇప్పుడు ఎక్కడున్నరో నాకు తెల్వదు. కడసారి చూసింది మాత్రం రాష్ట్రం వచ్చిందన్న రోజున.

మహబూబాబాద్‌ల రోడ్డు కనవడుతలేదు, అంత జనం. గులాలు, పటాకులు, బ్యాండు. ఆ నడుమ రెండు నెమళ్లు కనవడ్డయి. తండకు పోతున్న అన్న లారీ జనంల ఇరుక్కున్నది. అన్న స్టీరింగు ఇడిసిపెట్టి క్యాబిన్ మీదికెక్కి ఆడుతున్నడు. నేను అక్కను జనంల దేవులాడలే. సీద పోయి వంగి చూసిన.

ఉన్నది. గోనె సంచి మీద ఉన్నది గని వెల్లకిల గాదు, బోర్ల. మొదటిసారి ఆమె బండిని చూస్తలేదు. గదువ కింద చేతులు వెట్టుకొని చక్రాల నడుమకెల్లి బయటికి చూస్తున్నది.

"సారూ! రాండ్రి రాండ్రి!" అని జరిగి జాగ ఇచ్చింది, పదిహేను నెలలు కాదు పది నిముషాల కిందనే ఇడిసిపోయినట్టు. నేను దూరి పక్కన పండుకున్న.

అక్కడికెల్లి మొఖాలు కనవడయి. కాళ్లే. చుట్టు మొత్తం ఎగిరే కాళ్లు. కిర్రు చెప్పులు, స్లిప్పర్లు, పగుళ్లు వారిన ఉత్త పాదాలు, కడియాలు, పట్టీలు, మెరిసే బూట్లు. ఒక జోడు పోలీసు బూట్లు, అవి గూడ లయ తప్పకుంట ఎగురుతున్నయి. ఒక కాలు, ఒక చంక కర్ర, అన్నిటికన్న ఎత్తు అవే లేస్తున్నయి. అక్క ఒక్కొక్కటి చూపించుకుంట, "గాయన గొర్లు కాసేటాయన, నడక సూడుండ్రి. గామె ఇయ్యాల్నే కొత్త చెప్పులు కొన్నది, కరుస్తున్నయి, అయినా ఆగుతలేదు" అని చెప్తున్నది. నాకు నవ్వు ఆగుతలేదు, కండ్లల్ల నీళ్లు ఆగుతలేవు. గులాలు మీదికెల్లి సన్నగ రాలుతున్నది.

"అక్కా, మనం గూడ బయటికి పోయి ఎగురుదాం రా" అన్న.

ఆమె నా చెయ్యి గట్టిగ పట్టుకొని చక్రం పక్కకు చూపిచ్చింది. అక్కడ రెండు ముసలి పాదాలు, ముడుతలు వడ్డయి, ఎవరియో తెల్వదు. అంత లొల్లిల కదలకుంట నిలబడి ఉన్నయి. చూస్తుండంగనే ఒక బొటనవేలు లేచింది, వడ్డది. మళ్ల లేచింది.

"జరాగు సారూ" అన్నది అక్క గుసగుసగ, "గా అవ్వ ఇప్పుడే మొదలువెడుతున్నది."